నాన్నగారి కాలేయం, కోడిగుడ్డు పచ్చసొన

ప్రశ్న: మా నాన్నగారికి 63 ఏళ్ళు. రెండు నెలల కిందట ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తేలింది, కీమో నడుస్తోంది. నాలుగు నెలల్లో 61 కిలోల నుంచి 52 కిలోలకు తగ్గిపోయారు. కాలేయానికి పాకలేదని పెట్ స్కాన్‌లో వచ్చింది. కానీ కాలేయంలో కొంచెం కొవ్వు ఉందని, అల్బుమిన్ తక్కువని రిపోర్టుల్లో ఉంది. అమెరికాలో ఉండే మా మరిది ఒక వ్యాసం పంపాడు. క్యాన్సర్ వల్ల కాలేయంలో ఫాస్ఫోలిపిడ్ల తీరు మారిపోతుందట, కోలిన్ అనే పదార్థాన్ని క్యాన్సర్ కణాలు లాక్కుని పెరుగుతాయట. గుడ్డులో కోలిన్ ఎక్కువ కాబట్టి గుడ్లు ఆపేయమంటాడు. మందుల షాపతనేమో లెసిథిన్ క్యాప్సూల్స్ వేస్తే కాలేయం బాగవుతుందంటున్నాడు, అందులో ఉండేది కోలినేనట! మా అత్తగారు తిప్పతీగ కషాయం మొదలుపెట్టించారు. ఎవరి మాట వినాలి? అసలు కాలేయంలో క్యాన్సర్ లేనప్పుడు కాలేయం ఎందుకు మారుతుంది?
– ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: అమ్మా, ముందు వంటింటి సంగతి తేల్చేస్తాను. గుడ్డు ఆపకండి, పచ్చసొన తీసేయకండి. తిప్పతీగ కషాయం ఇవాళే మానిపించండి. లెసిథిన్ కొనకపోతే ఇక కొనకండి, కొనేసి ఉంటే డాక్టరుకు చూపించకుండా వేయకండి. ఎందుకో చెప్తాను. కాస్త ఓపిగ్గా చదవాలి, ఎందుకంటే మీ చివరి ప్రశ్న మంచి ప్రశ్న. దానికి ఒక్క ముక్కలో జవాబు లేదు.

మీ మరిది పంపిన వ్యాసం అబద్ధం అనను. అయితే రెండు వేర్వేరు సంగతులు అందులో కలిసిపోయాయి. కాలేయంలోనే పుట్టిన క్యాన్సర్ కణాలు తమ ఫాస్ఫోలిపిడ్లను ఎలా మార్చుకుంటాయన్నది ఒకటి. క్యాన్సర్ ఒంట్లో ఇంకెక్కడో ఉండగా, దాని జాడ లేని కాలేయం ఎందుకు మారుతుందన్నది ఇంకొకటి. మొదటిదాని మీద పరిశోధన బోలెడుంది, పత్రికలకెక్కేదీ అదే. మీ నాన్నగారికి వర్తించేది రెండోది.

ఫాస్ఫోలిపిడ్ కూడా కొవ్వే. ఒక ఫాస్ఫేట్ తల, రెండు కొవ్వు తోకలు. తల నీళ్ళవైపు తిరుగుతుంది, తోకలు నీళ్ళకు ఎడంగా జరుగుతాయి. అందుకే ఇవి రెండు వరుసలుగా సర్దుకుని ప్రతి కణానికీ పొర అవుతాయి. తలకు కోలిన్ తగులుకుని ఉంటే దాన్ని ఫాస్ఫాటిడిల్‌కోలిన్ అంటారు, ఇథనాలమైన్ ఉంటే ఫాస్ఫాటిడిల్‌ఇథనాలమైన్. ఈ కొండవీటి చాంతాడు పేర్లు మళ్ళీ మళ్ళీ రాయలేను గనక కోలిన్ రకం, ఇథనాలమైన్ రకం అనుకుందాం. కాలేయ కణంలో ఉండే ఫాస్ఫోలిపిడ్లలో దాదాపు సగం కోలిన్ రకమే. ఈ రెండింటి పాళ్ళు కుదురుగా ఉండాలి. కోలిన్ రకం బాగా తగ్గిపోతే కణం పొర గట్టిదనం పోయి కారడం మొదలవుతుంది. ఎలుకల్లో ఇది కాలేయం పూర్తిగా దెబ్బతినేదాకా వెళ్ళింది.

మిగతా అవయవాలకు తమ పొరలకు సరిపడా కోలిన్ రకం ఉంటే చాలు. కాలేయానికి అలా కుదరదు, అది బయటికి పంపాల్సింది కూడా చాలా ఉంటుంది. పైత్యరసంలోకి రోజూ కోలిన్ రకాన్ని వదలాలి, లేకపోతే పైత్య లవణాలు పైత్యరసం పారే నాళాలనే కాల్చేస్తాయి. అంతకంటే ముఖ్యం, కాలేయంలో తయారైన కొవ్వును రక్తంలోకి పంపాలంటే దాన్ని చిన్న చిన్న గుళికలుగా చుట్టాలి. ఆ గుళికల పైపొర కోలిన్ రకంతోనే చేయాలి, వేరే దేనితోనూ సరిగ్గా కుదరదు. మీ జిల్లాలో వడ్ల కొనుగోలు కేంద్రాల దగ్గర గన్నీ సంచులు అందక ధాన్యం కుప్పలుగా పడి ఉండటం చూసే ఉంటారు. వడ్లకు కొదవ లేదు, లారీకి కొదవ లేదు, సంచులే లేవు. కోలిన్ చాలని కాలేయంలో కొవ్వు పేరుకునేది సరిగ్గా అందుకే.

ఇది నూరేళ్ళ కిందటి నుంచే నలుగుతున్న విషయం. ఇన్సులిన్ కనిపెట్టినవారిలో ఒకరైన చార్లెస్ బెస్ట్, 1930ల మొదట్లో టొరంటోలో దీన్ని చూశారు. క్లోమం తీసేసిన కుక్కలు ఇన్సులిన్‌తో బతుకుతున్నాయి గానీ వాటి కాలేయాలు కొవ్వుతో నిండిపోతున్నాయి. లెసిథిన్ తినిపిస్తే ఆ కొవ్వు తగ్గింది. లెసిథిన్‌లో పనిచేసిన ముక్క కోలిన్ అని తర్వాత తేలింది. మనుషుల్లో రుజువు కావడానికి 1991 దాకా పట్టింది. ఆరోగ్యంగా ఉన్న మగవాళ్ళకు మూడు వారాలు కోలిన్ లేని తిండి పెడితే రక్తంలో ఎస్‌జీపీటీ అనే కాలేయ ఎంజైము పెరిగింది. అంటే కాలేయం దెబ్బతింటోందన్నమాట. 1998లో అమెరికా దీన్ని అవసరమైన పోషకాల జాబితాలో చేర్చి మగవాళ్ళకు రోజుకు 550 మి.గ్రా., ఆడవాళ్ళకు 425 మి.గ్రా. అని లెక్క కట్టింది. ఒక పెద్ద గుడ్డులో సుమారు 147 మి.గ్రా. ఉంటుంది, అదీ దాదాపు అంతా పచ్చసొనలోనే.

కోలిన్ రకాన్ని కాలేయం రెండు దారుల్లో తయారు చేసుకుంటుంది. సుమారు 70 శాతం తిండిలో వచ్చిన కోలిన్ నుంచి. 1950లలో యూజీన్ కెనడీ విడమర్చిన దారి కాబట్టి ఇది ఆయన పేరుతోనే నడుస్తోంది. మిగతా 30 శాతం ఇథనాలమైన్ రకానికి మూడు మిథైల్ గుంపులు (కార్బన్, హైడ్రోజన్‌ల చిన్న ముక్కలు) తగిలించి మార్చుకుంటుంది. ఈ రెండో దారి చెప్పుకోదగ్గంతగా నడిచేది కాలేయంలోనే. ఆ మిథైల్ గుంపులు మాంసకృత్తుల్లోని మెథియోనిన్ అనే అమైనో ఆమ్లం నుంచి రావాలి. అవి సరిగ్గా తిరగాలంటే ఫోలిక్ ఆమ్లం, బి12 ఉండాలి. ఈ దారిని ఈస్ట్రోజెన్ చురుకు చేస్తుంది. అందుకే నెలసరి ఆగని ఆడవాళ్ళు కోలిన్ తక్కువైనా కొంత నెట్టుకొస్తారు, మగవాళ్ళకూ నెలసరి ఆగినవాళ్ళకూ తొందరగా దెబ్బ తగులుతుంది. 63 ఏళ్ళ మగమనిషి తిండి సగానికి తగ్గినప్పుడు ఆయన కాలేయం ఏ వర్గంలో ఉందో మీకు అర్థమై ఉంటుంది.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం.

కణితి ఊపిరితిత్తుల్లో ఉన్నా దాని కబురు ఒళ్ళంతా పాకుతుంది. కణితి కణాలూ, దాని చుట్టూ చేరిన రోగనిరోధక కణాలూ ఐఎల్-6, టీఎన్‌ఎఫ్ లాంటి ప్రోటీన్లను రక్తంలోకి వదులుతాయి. ఇందులో టీఎన్‌ఎఫ్‌కు ఒకప్పుడు కాకెక్టిన్ అని ఇంకో పేరుండేది. జబ్బుపడిన కుందేళ్ళు చిక్కి శల్యమవుతుంటే రక్తంలో మాత్రం కొవ్వు ఎందుకు పేరుకుంటోందని వెతికినప్పుడు దొరికిన పదార్థం అది. రక్తంలోని కొవ్వును కండరాలూ కొవ్వు కణాలూ అందుకోవడానికి వాడే ఎంజైమును అది అణిచేస్తుంది. కాకెక్టిన్, టీఎన్‌ఎఫ్ ఒకటేనని 1985లో తేలింది.

ఈ కబురు అందగానే కాలేయం తన పనుల వరస మార్చేస్తుంది. సీఆర్‌పీ లాంటి వాపు ప్రోటీన్లను పెద్దఎత్తున తయారు చేయడం మొదలుపెట్టి, రక్తంలో ఉండే అల్బుమిన్ అనే ప్రోటీన్ తయారీ తగ్గిస్తుంది. మీ నాన్నగారి అల్బుమిన్ తగ్గడానికి తిండి ఒక్కటే కారణం కాదు. ఈ మాట ఎందుకంటున్నానంటే, అల్బుమిన్ తక్కువ అనగానే మన ఇళ్ళలో రోజుకు ఆరు తెల్లసొనలు పెట్టి పచ్చసొన పారేయడం మామూలైపోయింది. తెల్లసొనలో మాంసకృత్తులు మంచివే. కానీ అల్బుమిన్ అంకె దాంతో చకచకా పైకి రాదు. పారేసిన దాంట్లోనేమో కోలినూ, కొవ్వూ, కెలోరీలూ పోతాయి. ఆయనకు లేనివి అవే.

మరోపక్క ఒంట్లోని కొవ్వు కరుగుతుంది. కరిగిన కొవ్వు ఆమ్లాలు నేరుగా కాలేయానికి చేరతాయి. వాటిని కాల్చాలి, లేదా గుళికలు చుట్టి పంపించాలి. అంటే కోలిన్ రకం ఎప్పటికంటే ఎక్కువ కావాలి. సరిగ్గా అప్పుడే నోరు చేదై, వాసన పడక, రెండు ముద్దలకే కడుపు నిండి తిండి తగ్గిపోతుంది. కోలినూ రాదు, మెథియోనినూ రాదు, ఫోలేటూ రాదు. ఖర్చు పెరిగి రాబడి తగ్గిన కాలేయంలో కొవ్వు నిలబడటం వింత కాదు. మీ నాన్నగారి రిపోర్టులో ‘కొంచెం కొవ్వు’ అన్న మాటకు కీమో మందులు, అంతకుముందు నుంచీ ఉన్న షుగరు, బరువు, మద్యం అలవాటు కూడా కారణం కావచ్చు, ఆ వివరాలు మీరు రాయలేదు. కానీ ఈ లెక్క మాత్రం ప్రతి చిక్కిపోతున్న రోగిలోనూ ఎంతోకొంత ఉంటుంది.

పైగా ఇంకో దండగ ఖర్చుంది. చాలా కణితులు చక్కెరను పూర్తిగా కాల్చకుండా లాక్టేటుగా మార్చి వదిలేస్తాయి. ఒక గ్లూకోజు నుంచి అలా వచ్చేది 2 ఏటీపీలు (ఏటీపీ అంటే కణం ఖర్చుపెట్టుకునే శక్తి నాణెం). ఆ లాక్టేటు కాలేయానికి వస్తే, కాలేయం 6 ఏటీపీలు పెట్టి దాన్ని మళ్ళీ గ్లూకోజుగా మారుస్తుంది. అది మళ్ళీ కణితికే పోవచ్చు. ఈ చక్రాన్ని విప్పి చూపిన కోరీ దంపతులకు 1947లో నోబెల్ వచ్చింది. వాళ్ళు చూసింది కండరాల లెక్క, కణితి దగ్గర కూడా అదే లెక్క నడుస్తుంది.

ఇదంతా ఊహ కాదా అంటే, కాలేయాన్ని కోయకుండానే చూడగల పద్ధతి ఒకటుంది. ఎమ్మారై యంత్రంతోనే, నీటికి బదులు ఫాస్ఫరస్ సంకేతాన్ని వింటారు. తెర మీద వరసగా గుట్టలు వస్తాయి: ఒకటి ఏటీపీది, ఒకటి మామూలు ఫాస్ఫేటుది, ఒకటి ఫాస్ఫోలిపిడ్లు కట్టడానికి వాడే ముడిసరుకుది, ఇంకొకటి ఫాస్ఫోలిపిడ్లు విరిగాక మిగిలే ముక్కలది. నెదర్లాండ్స్‌లో 2000 ప్రాంతంలో, బరువు తగ్గుతున్న ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల కాలేయాలను ఇలా పరీక్షించినప్పుడు ఆ ముడిసరుకు గుట్ట పెరిగి కనిపించింది. బరువు తగ్గడానికీ ఈ మార్పుకీ పొత్తు ఉందన్నది అక్కడ గమనించాల్సిన సంగతి. అయితే ఆ గుట్టలో కోలిన్, ఇథనాలమైన్ ముక్కలే కాదు, గ్లూకోజు తయారీలో మధ్యలో వచ్చే చక్కెర ఫాస్ఫేట్లు కూడా కలిసి ఉంటాయి. కాబట్టి ‘ఫాస్ఫోలిపిడ్లు పెరిగాయి’ అని ఒక్క మాటలో తేల్చేసేవాళ్ళు తొందరపడుతున్నారనే నా అభిప్రాయం. కాలేయం గ్లూకోజు తయారీలో తలమునకలై ఉందనడానికీ అదే గుట్ట సాక్ష్యం.

ఇక్కడ ఒక మనవాడి మాట చెప్పకుండా ఉండలేను. ఎమ్మారై రాకముందు ఫాస్ఫోలిపిడ్లను కొలవాలంటే కణజాలం నుంచి కొవ్వు తీసి, ఆమ్లంలో ఉడికించి, మిగిలిన ఫాస్ఫరస్‌కు మోలిబ్డేట్ కలిపి నీలం రంగు తెప్పించేవాళ్ళు. రంగు ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫరస్ అంత. వచ్చిన అంకెను 25తో గుణిస్తే ఫాస్ఫోలిపిడ్ బరువు. ఆ పద్ధతి ఫిస్క్–సుబ్బారావులది, 1925లో హార్వర్డ్ నుంచి వచ్చింది. సుబ్బారావు అంటే భీమవరంలో పుట్టిన మన ఎల్లాప్రగడ సుబ్బారావే. ఆయనే తర్వాత లెడర్లీ సంస్థలో ఫోలిక్ ఆమ్లం మీద పనిచేశారు. ఫోలిక్ ఆమ్లానికి అడ్డుపడే మందులు అక్కడి నుంచే వచ్చి, 1948లో సిడ్నీ ఫార్బర్ చేతిలో పిల్లల లుకేమియాకు వాడకంలోకి వచ్చాయి.

ఈ మాట గర్వం కోసమే ఎత్తలేదు, మీ నాన్నగారికి పనికొచ్చే ముక్క ఇందులో ఉంది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో కొన్ని రకాలకు ఇచ్చే పెమెట్రెక్సెడ్ ఇదే కోవ మందు. ఆయనకు ఇచ్చేది అదైతే, దాంతోపాటు రోజూ ఫోలిక్ ఆసిడ్ మాత్ర, తొమ్మిది వారాలకోసారి బి12 ఇంజెక్షన్ రాసి ఉంటారు. వాటిని ‘బలం బిళ్ళలే కదా’ అని మానేయకూడదు. ‘ఫోలిక్ ఆసిడ్ క్యాన్సర్‌కు బలం’ అని రేపు ఇంకో వాట్సాప్ సందేశం వచ్చినా మానేయకూడదు. అవి లేకపోతే మందు విషం రక్తకణాల మీద, నోటి మీద, పేగుల మీద పడుతుంది. ఫోలేటు తక్కువైతే కాలేయంలో కోలిన్ నిల్వలు కూడా కరిగిపోతాయి.

మరి మీ మరిది భయం సంగతి? దానికీ ఆధారం ఉంది, అయితే అది కణితికి సంబంధించింది. చాలా రకాల క్యాన్సర్ కణాలు కోలిన్‌ను లోపలికి లాగి, ఫాస్ఫేటు తగిలించి బంధించేస్తాయి. కొత్త కణాలకు కొత్త పొరలు కావాలి కదా. కాలేయంలోనే పుట్టిన క్యాన్సర్‌లో ఇంకొన్ని మార్పులుంటాయి. ఇందాక చెప్పిన రెండో దారి, మిథైల్ దారి, అక్కడ దాదాపు మూతపడుతుంది. ఎలుక కాలేయ క్యాన్సర్ కణాల్లో ఆ ఎంజైమును తిరిగి పెట్టి చూస్తే కణాల పెరుగుదల మందగించిందని 1994లో కెనడాలో డెన్నిస్ వాన్స్ బృందం చూపింది. ఫాస్ఫోలిపిడ్ల తోకలు కూడా మారతాయి. కణం తానే తయారు చేసుకునే పొట్టి, తక్కువ వంపులున్న కొవ్వు ఆమ్లాలు పెరుగుతాయి, తిండి నుంచి వచ్చే పొడుగాటి, వంపుల కొవ్వు ఆమ్లాలు తగ్గుతాయి.

కోలిన్ దాహాన్ని వైద్యులు వాడుకున్నారు కూడా. మీ నాన్నగారికి చేసిన పెట్ స్కాన్ దాదాపు ఖాయంగా చక్కెరతో చేసేదే. కోలిన్‌కు రేడియో కార్బన్ తగిలించి చేసే పెట్ స్కాన్ ఇంకొకటుంది. ప్రోస్టేట్ క్యాన్సర్ తిరగబెట్టిందేమో చూడటానికి 2012లో అమెరికా ఔషధ సంస్థ దానికి అనుమతిచ్చింది. ఆ కార్బన్ 20 నిమిషాలకు సగమైపోతుంది కాబట్టి దాన్ని తయారు చేసే సైక్లోట్రాన్ యంత్రం పక్కనే ఉండాలి. కాలేయ క్యాన్సర్‌లో నెమ్మదిగా పెరిగే రకాలు చక్కెర స్కాన్‌కు చిక్కకపోవచ్చు, కోలిన్ స్కాన్‌కు చిక్కుతాయి. ఇబ్బందల్లా మామూలు కాలేయం కూడా కోలిన్‌ను బాగా పీల్చడమే, వెనకంతా వెలిగిపోయి కణితి కొన్నిసార్లు కలిసిపోతుంది.

ఇప్పుడు తేల్చాల్సింది: కణితి కోలిన్ వాడుకుంటే, తిండిలో కోలిన్ ఆపితే కణితి మాడుతుందా? మాడదు. రక్తంలో కోలిన్ తగ్గినప్పుడు ఒళ్ళు తన సొంత పొరలనే విరిచి కోలిన్ తీస్తుంది. వారం రోజులు పస్తున్నా రక్తంలో కోలిన్ మామూలులో సగానికంటే కిందికి దిగదు. అంటే మీరు గుడ్డు ఆపితే కణితికి అందేది అందుతూనే ఉంటుంది, అది మీ నాన్నగారి కాలేయం నుంచీ కండ నుంచీ వస్తుంది. కోలిన్ చాలనివాళ్ళలో కండరాలు దెబ్బతిని రక్తంలో సీపీకే అనే కండరాల ఎంజైము పెరగడం కూడా చూశారు. పైగా కోలిన్ లేని తిండి చాలాకాలం పెట్టిన ఎలుకల్లో ఏ విషమూ ఇవ్వకుండానే కాలేయ క్యాన్సర్ వచ్చిందని 1946లోనే కోప్‌లాండ్, సామన్ అనే ఇద్దరు చూపారు. మీ మరిదికి ఈ ఒక్క సంగతి చెబితే చాలనుకుంటాను. కోలిన్ వాడకాన్ని కణితి లోపలే అడ్డుకునే మందుల కోసం ప్రయత్నాలు జరుగుతున్నాయి, ఒకటి మనుషుల మీద తొలి దశ పరీక్షల దాకా వెళ్ళింది. ఆస్పత్రుల్లో వాడేంత దూరం ఏదీ రాలేదు.

మీ మరిది పట్టుకున్న గుడ్డు భయానికి మూలం బహుశా 2011లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనం. గుడ్లు ఎక్కువ తినే మగవాళ్ళలో ప్రాణాంతక ప్రోస్టేట్ క్యాన్సర్ కొంత ఎక్కువగా కనిపించింది. ఏళ్ళ తరబడి అలవాట్లను అడిగి రాసుకున్న లెక్క అది, గుడ్డే కారణమని అది రుజువు చేయలేదు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో నాలుగు నెలల్లో దాదాపు 15 శాతం బరువు పోగొట్టుకున్న మనిషికి దాన్ని అతికించడం అన్యాయం.

లెసిథిన్ సంగతి లెక్కేసి చూద్దాం. ఫాస్ఫాటిడిల్‌కోలిన్ బరువులో కోలిన్ వాటా సుమారు 13 శాతం. 300 మి.గ్రా. ఉన్న క్యాప్సూల్ మింగితే వచ్చే కోలిన్ 40 మి.గ్రా., అంటే గుడ్డులో పావు వంతు కంటే కొంచెం ఎక్కువ. డబ్బా మీద ‘లెసిథిన్’ అని మాత్రమే ఉంటే ఇంకా తక్కువ, లెసిథిన్‌లో ఫాస్ఫాటిడిల్‌కోలిన్ ఒక భాగమే. పైగా మింగిన ఫాస్ఫోలిపిడ్ అలాగే వెళ్ళి కాలేయానికి అతుక్కోదు. పేగులో క్లోమరసం దాన్ని విరిచేస్తుంది, ముక్కలుగా లోపలికి వెళ్ళి మళ్ళీ కట్టబడుతుంది. గుడ్డులోని లెసిథిన్‌కూ అదే గతి. ఆ క్యాప్సూల్ విషమని అనను, కానీ ఆ డబ్బా ధరకు ఎన్ని గుడ్లొస్తాయో మీకే తెలుసు. గుడ్డుతో ఆరేసి గ్రాముల మాంసకృత్తులూ వస్తాయి.

తిప్పతీగ మీద మాత్రం నేను మెత్తగా మాట్లాడను. కోవిడ్ రోజుల్లో రోగనిరోధక శక్తి కోసమని తిప్పతీగ తాగినవాళ్ళలో కాలేయం వాచిన కేసులు 2021లో ముంబయి వైద్యులు ప్రచురించారు, తర్వాత మరికొన్ని చోట్ల నుంచీ వచ్చాయి. కీమో మందుల భారం మోస్తున్న కాలేయానికి అది అక్కర్లేని పరీక్ష. అత్తగారిని నొప్పించకుండా చెప్పడం మీ పని. ‘డాక్టరు గారు కీమో అయ్యేదాకా వద్దన్నారు’ అనండి, ఆ మాట నిజమే అవుతుంది, ఏ డాక్టరునడిగినా అదే చెప్తారు. ఎప్పటి నుంచి తాగుతున్నారో డాక్టరుకు తప్పకుండా చెప్పండి.

ఇక ఏం పెట్టాలి? ఐరోపా పోషకాహార వైద్యుల సంఘం క్యాన్సర్ రోగులకు కిలో బరువుకు రోజుకు 25–30 కెలోరీలు, 1 గ్రాము కంటే ఎక్కువ, వీలైతే 1.5 గ్రాముల దాకా మాంసకృత్తులు అంటుంది. మీ నాన్నగారి 52 కిలోలకు అది 1300–1560 కెలోరీలు, 52–78 గ్రాముల మాంసకృత్తులు. మన ఇళ్ళలో జబ్బు మనిషి అంటే పథ్యం. పల్చటి జావ, చారన్నం, నూనె తగలని కూర. అది జ్వరానికి సరే. ఇలా చిక్కిపోతున్న మనిషికి పథ్యమే శత్రువు. జావ ఇవ్వాలంటే పాలతో చిక్కగా కాచి, వేయించిన వేరుశెనగపొడి కలిపి ఇవ్వండి. పప్పులో నెయ్యి వేయండి. పెరుగన్నం, పెసరట్టు, మీల్‌మేకర్, చేపల పులుసు, మెత్తగా ఉడికిన చికెన్, ఏది లోపలికి పోతే అది. పళ్ళెం నిండా వడ్డించి ఎదురుగా కూర్చుని బతిమాలొద్దు, చిన్న గిన్నెలో రెండు గంటలకోసారి పెట్టండి. వంట వాసనకు వికారం వస్తే చల్లారాక పెట్టండి. గుడ్డు రోజుకు ఒకటి రెండు, గట్టిగా ఉడికించి. హాఫ్ బాయిల్, పచ్చి గుడ్డు పాలలో కొట్టి తాగించడం వద్దు, కీమోలో తెల్లకణాలు తగ్గినప్పుడు ఇన్ఫెక్షన్ ముప్పు. షుగరో కిడ్నీ జబ్బో ఉంటే ఈ లెక్కలు మారతాయి, ఆస్పత్రిలో డైటీషియన్‌ను కలవండి.

కళ్ళు పచ్చబడ్డా, పొట్ట ఉబ్బుతున్నా, మలం నల్లగా వచ్చినా, మాట తడబడి మగతగా ఉన్నా తర్వాతి కీమో తేదీ దాకా ఆగకండి, వెంటనే వెళ్ళండి.

వారానికోసారి ఒకే తూకం మీద, ఒకే వేళకు బరువు చూసి ఒక కాగితం మీద రాయండి. తర్వాత డాక్టరును కలిసినప్పుడు ఆ కాగితం ముందు పెట్టి ఆకలి గురించి విడిగా అడగండి. మన వాళ్ళు కీమో గురించే అడిగి లేచి వచ్చేస్తారు. పుదుచ్చేరి జిప్మర్‌లో చేసిన పరీక్ష ఒకటి 2023లో ప్రచురితమైంది. పొట్ట, కాలేయం–క్లోమం, ఊపిరితిత్తుల క్యాన్సర్లకు కీమో తీసుకుంటున్న 124 మందిలో సగం మందికి రోజూ ఓలాంజపిన్ 2.5 మి.గ్రా. మాత్ర 12 వారాలు ఇచ్చారు. మాత్ర వేసుకున్నవాళ్ళలో 60 శాతం మంది తమ బరువులో 5 శాతం కంటే ఎక్కువ పెరిగారు, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలో 9 శాతం మందే. ఇది మానసిక వైద్యంలో వాడే పాత మందే, ధర తక్కువ. మగత రావచ్చు, షుగరు పెరగవచ్చు, కొన్ని మందులతో పడదు. కాబట్టి మందుల షాపులో అడిగి తెచ్చుకోవాల్సింది కాదు. మీ నాన్నగారికి ఇది సరిపడుతుందా అని ఆయన క్యాన్సర్ డాక్టరును అడగండి, వాడుతున్న మందుల చీటీలన్నీ వెంట తీసుకెళ్ళండి.